ఒకటి పక్కన పదహారు!

పుస్తకంలో ఒకటో పేజీకి జోడీ ఏది? చదివేవాళ్లు రెండు అంటారు. ప్రెస్సువాళ్లు పదహారు అంటారు. ఎవరి లెక్క వాళ్లకి సరైనదే!

కావాలంటే ఓ తెల్లకాగితం తీసుకోండి. సగానికి మడవండి. మళ్లీ సగానికి, ఇంకోసారి సగానికి. మూడు మడతలకి ఎనిమిది ఆకులు, పదహారు పేజీలు. అంచులు కోయకుండానే మూలల్లో 1 నుంచి 16 దాకా వరసగా అంకెలు వేసి, కాగితాన్ని విప్పి చూడండి. ఒకవైపు 1, 4, 5, 8, 9, 12, 13, 16 కనిపిస్తాయి. మిగతా ఎనిమిదీ రెండోవైపు. అందులో సగం తలకిందులు! ఒకటి పక్కన పదహారు, నాలుగు పక్కన పదమూడు, అయిదు పక్కన పన్నెండు, ఎనిమిది పక్కన తొమ్మిది... ఏ జతని కూడినా పదిహేడే.

ప్రెస్సు భాషలో దీన్ని ఫారం అంటారు. 18 అంగుళాల వెడల్పు, 23 అంగుళాల పొడవున్న డెమ్మీ కాగితాన్ని ఇలా మూడుసార్లు మడిస్తే వచ్చేదే 1/8 డెమ్మీ పుస్తకం. తెలుగులో బోలెడు కథల పుస్తకాలు, కవితా సంపుటాలు ఈ సైజులోనే వస్తాయి. షీటు మీద ఏ పేజీ ఎక్కడ ఉండాలో, తల ఎటు పెట్టాలో తేల్చే పనికే ఇంపోజిషన్ అని పేరు.

ఒకప్పుడు ఇదంతా చేత్తోనే. కంపోజ్ చేసిన పేజీల్ని బటర్ పేపర్ మీద ప్రింటు తీసి, లైటు బల్ల మీద పరిచి, స్కేలు పెట్టి కొలిచి, టేపుతో అతికించేవారు. పేస్టింగ్ చేసే మనిషి పక్కనే మడిచిన డమ్మీ ఒకటి ఉండేది. ఇప్పుడు పేజీలు పీడీఎఫ్‌లుగా మారి, సీటీపీ యంత్రంలో నేరుగా ప్లేటు మీదికి ఎక్కేస్తున్నాయి. పేస్టింగ్ బల్ల చేసిన పని సాఫ్ట్‌వేర్‌కి వచ్చింది. మరి ఏ సాఫ్ట్‌వేర్? పెద్ద నగరంలో ప్రెస్సుకి ఇదో మామూలు కొనుగోలు. పాత వరంగల్ నుంచి విడివడి 2016లో జిల్లా కేంద్రాలైన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి లాంటి ఊళ్లలో చిన్న ప్రెస్సుకి మాత్రం ఇది బతుకుతెరువు లెక్క.

జనగామ లెక్క: పుస్తకం

జనగామలో అలాంటి ప్రెస్సు ఒకటి ఉందనుకోండి. పెళ్లికార్డులు, కరపత్రాలే దానికి రోజువారీ ఆధారం. పోతన బమ్మెర, సోమనాథుడి పాలకుర్తి ఉన్న జిల్లా అది. పద్యం రాసే పంతుళ్లకి కొదవేముంటుంది? ఓ రిటైర్డ్ మాస్టారు 128 పేజీల పుస్తకం పట్టుకొచ్చారు. ‘తమ్మీ, హైదరాబాద్‌ల ఇస్తె ప్రూఫులకు నేను తిరగలేను. నువ్వే వేసియ్యి. తప్పులు పోవద్దు, గంతే’ అన్నారు.

128 పేజీలంటే 8 ఫారాలు. 500 కాపీలకి 4 వేల షీట్లు, అంటే 8 రీములు. ఒక్క ఫారంలో రెండు పేజీలు తారుమారైతే చాలు... ఓ రీము కాగితం, ప్లేట్లు, మిషన్ మీద మనిషి కష్టం బూడిదలో పోసినట్టే. ఆ సంగతి బైండింగ్ అయ్యాక బయటపడితే? అప్పటికి ఆవిష్కరణ సభ కార్డులు పంచేసి ఉంటారు.

ఇక్కడే చాలామంది తడబడేది. పేజ్‌మేకర్‌లో బుక్‌లెట్ కట్టే సదుపాయం ఉండేది. ఇన్‌డిజైన్‌లోనూ ‘ప్రింట్ బుక్‌లెట్’ ఉంది. ఉచితంగా దొరికే అక్రోబాట్ రీడర్‌లోనూ బుక్‌లెట్ మీట ఉంటుంది. అయితే రీడర్, ఇన్‌డిజైన్ ముఖ్యంగా ఇచ్చేవి పక్కపక్కన రెండేసి పేజీలే. పిన్ను కొట్టే చిన్న పుస్తకానికి అవి బేషుగ్గా సరిపోతాయి. పదహారు పేజీల ఫారం కట్టాలంటే అందుకోసమే తయారైనవి కావాలి. క్వైట్ ఇంపోజింగ్ అలాంటిదే. అది పూర్తి అక్రోబాట్‌కి అనుబంధంగా పనిచేస్తుంది కాబట్టి దాని ఖర్చుతో పాటు అక్రోబాట్ ఖర్చునీ కలిపి చూసుకోవాలి. ఇంపోజిషన్ విజార్డ్ విడిగానూ నడుస్తుంది. కొడాక్ వారి ప్రెప్స్ లాంటివి పెద్ద ప్రెస్సులకి పనికొస్తాయి. రోజుకో కరపత్రం వేసే చోట అంత సరంజామా అక్కర్లేదు.

ఇంకో చిక్కుంది. కుట్టు బైండింగ్‌కైతే ఫారాలు ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. అప్పుడు రెండో ఫారంలో 17 పక్కన 32 రావాలి. మధ్యలో పిన్ను కొట్టేదైతే షీట్లు ఒకదానిలో ఒకటి దూరుస్తారు. అప్పుడు 1 పక్కన 128 రావాలి. పీడీఎఫ్ అదే, పేజీలు అవే. ఒక్క గడిలో టిక్కు తప్పుపడితే పుస్తకం మొత్తం తలకిందులే!

మానుకోట లెక్క: నంబర్లు

మహబూబాబాద్... అదే, మానుకోట వెళితే అవసరం మారిపోతుంది. మిర్చి మార్కెట్ ఉన్న ఊరది. కాంటా అయ్యాక రైతు చేతికొచ్చే తక్‌పట్టీ, కమీషన్ దుకాణాల బిల్లు బుక్కు... ఇలాంటి పనికి ఫారం మడత కాదు, నంబరు ముఖ్యం.

వెయ్యి చీటీలు కావాలి. షీటుకి నాలుగు పడతాయి. అంటే 250 షీట్లు. మొదటి షీటు మీద 1, 2, 3, 4 వేస్తే కోశాక వరస కలపడానికి ఓ మనిషి పొద్దంతా కూర్చోవాలి. అదే షీటు మీద 1, 251, 501, 751 వేస్తే? రెండో షీటు మీద 2, 252, 502, 752. మొత్తం కట్టని ఒకేసారి కోసి, నాలుగు దొంతరల్నీ ఒకదాని కింద ఒకటి పెడితే 1 నుంచి వెయ్యి దాకా వరస దానంతటదే కుదురుతుంది. ‘కట్ అండ్ స్టాక్’ అనే ఈ ఏర్పాటు లేని సాఫ్ట్‌వేర్ ఎంత ఖరీదైనదైనా ఇలాంటి పనికి దండగే.

ఈ జిల్లాకి అచ్చుపని కొత్తేమీ కాదు. 1922లోనే ఇనుగుర్తి అనే పల్లెలో ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు సొంతంగా ప్రెస్సు పెట్టి ‘తెనుగు’ వారపత్రిక నడిపారు. నిజాం పాలనలో తెలుగు పత్రికే అరుదైన రోజులవి. ఒక్కో సీసపు అక్షరాన్నీ చేత్తో ఏరి పేర్చాల్సిన కాలం. యంత్రం ఏదైనా కాగితం మడతపడే తీరు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే.

భూపాలపల్లి లెక్క: అంచు

సింగరేణి గనులు, చెల్పూరు థర్మల్ కేంద్రం ఉన్న భూపాలపల్లి వైపు సంఘాల మహాసభలకి, బడుల వార్షికోత్సవాలకి సావనీర్ అడిగితే సాధారణంగా అది మధ్యలో పిన్ను కొట్టేదే. 64 పేజీల సావనీర్‌లో 16 షీట్లు ఒకదానిలో ఒకటి ఇమడాలి. లోపలి షీటు కాగితం మందం కొద్దీ బయటికి తోసుకొస్తుంది. మామూలు కాగితానికే అది ఒకటిన్నర మిల్లీమీటరు దాకా ఉంటుంది. అంచు కోశాక మధ్య పేజీల్లో మార్జిన్ తగ్గిపోతుంది. ఫొటో అంచుకి ఆనుకుని ఉంటే కొసన నిలబడ్డ మనిషి భుజం కోతలో పోతుంది! దీన్ని ‘క్రీప్’ అంటారు. మంచి సాఫ్ట్‌వేర్ కాగితం మందాన్ని బట్టి లోపలి పేజీల్ని కొంచెం కొంచెం మధ్యకి జరుపుతుంది.

కొనేముందు...

మూడు ఊళ్లు, మూడు పనులు. అందుకే ‘ఏది మంచిది?’ అని కాక ‘నా దగ్గరికి ఏ పని ఎక్కువ వస్తోంది?’ అని అడగడంతో మొదలుపెట్టాలి. మిషన్‌కి ఎంత షీటు పడుతుంది? అర షీటు మిషనైతే పదహారు పేజీలు ఒకేసారి కట్టడంలో అర్థంలేదు. ఒకే ప్లేటుతో కాగితం తిప్పి రెండోవైపూ వేసే ‘వర్క్ అండ్ టర్న్’ కుదురుతుందా? కుదిరితే ప్లేటు ఖర్చు సగం. ధర ఒక్కసారి కట్టేదా, ఏటేటా కట్టేదా? దొంగ కాపీ చౌకే. కానీ దాంతో వైరస్ వస్తే, రేపు పొద్దున మిషన్ ఎక్కాల్సిన ఫైలు పోతే దిక్కెవరు?

తెలుగుకి ఇంకో పరీక్ష ఉంది. పాత ఫాంట్లతో కంపోజ్ చేసిన ఫైలుని పీడీఎఫ్ చేసేటప్పుడు ఫాంటుని అందులోనే ఇమిడ్చారా లేదా చూసుకోవాలి. లేకపోతే వేరే కంప్యూటర్లో తెలుగు కాస్తా ఇంగ్లిషు అక్షరాల గందరగోళం అవుతుంది. ఆ తప్పు ఇంపోజిషన్‌ది కాదు, కానీ నింద దాని మీదే పడుతుంది. ఫారం కట్టాక కూడా ఒత్తులు, గుణింతాలు ఓసారి చూసుకోవడం మంచిది.

ఇలాంటి చాలా సాఫ్ట్‌వేర్లకి ఉచిత డెమో దొరుకుతుంది. పేజీల మీద అడ్డంగా గుర్తు పడినా పరీక్షకి అది చాలు. పోయిన నెల వేసిన అసలు పనినే అందులో పెట్టి, మామూలు ప్రింటర్ మీద తీసి, బైండర్ చేతికివ్వాలి. కంప్యూటర్ తెర మీద అన్నీ సరిగ్గానే కనిపిస్తాయి. బైండర్ మాత్రం మడిచి, గోటితో గీరి, పేజీలు తిప్పి చూస్తాడు. ‘అన్నా, అయిదో పేజీ తలకిందులున్నది’ అన్నాడంటే ఆపరేటర్‌కి కోపం రాకూడదు. ఓ రీము మిగిలిందని సంతోషించాలి.

ఆ డమ్మీ సరిగ్గా మడతపడితే మాస్టారు హైదరాబాద్ బస్సెక్కాల్సిన పనిలేదు. పుస్తకం రెండో పేజీలో, కింద చిన్న అక్షరాల్లో ‘ముద్రణ: జనగామ’ అని పడుతుంది.