చిల్లర ఎవరి ఖాతాలోకి?

పన్నెండు రూపాయల టికెట్టును అయిదు గుణిజానికి రౌండ్ చేయాలంటే పదీ చేయవచ్చు, పదిహేనూ చేయవచ్చు. 2022 మార్చిలో తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు ఛార్జీల్లో 12ను 10కి దించింది, 13, 14లను 15 చేసింది. రైల్వే పద్ధతి వేరు. విజయనగరంలో కొన్నా, ఆమదాలవలసలో కొన్నా ఛార్జీ పై అయిదుకే పోతుంది. చిల్లర బాధ రెండు పద్ధతుల్లోనూ తీరుతుంది. కానీ అన్ని అంకెలూ సమానంగా వస్తాయనుకుంటే, మొదటిదాంట్లో హెచ్చుతగ్గులు చెల్లుకు చెల్లయిపోతాయి; రెండోదాంట్లో టికెట్టుకు సగటున 2 రూపాయలు ప్రయాణికుడి మీద పడతాయి. అంటే పైకి రౌండ్ చేయడం పేరుకే లెక్క, నిజానికి ధర పెంచడం. ఛార్జీ లెక్కగట్టే ప్రోగ్రాం రాసేవాడు తనంతట తాను తీసుకోవలసిన నిర్ణయం కాదది.

నిర్ణయం పైవాళ్లదే అయినా అమలులో మెలకువ కావాలి. పైసల్లో లెక్కకట్టి, 499 కలిపి, 500తో భాగించి, శేషం వదిలేసి, మళ్లీ 500తో గుణిస్తే చాలు. కిలోమీటరుకు 1.10 రూపాయల చొప్పున 50 కిలోమీటర్లకు 5,500 పైసలు; ఈ సూత్రం దాన్ని కదపదు. అదే లెక్క రూపాయల్లో, దశాంశాలతో చేస్తే, 1.1ని కంప్యూటరు కచ్చితంగా దాచుకోలేదు కనుక లబ్ధం 55కు వెంట్రుకవాసి ఎక్కువ తేలుతుంది. పైకి రౌండ్ చేసే ఫంక్షను దాన్ని 60 చేసి కూర్చుంటుంది. కొందరు భాగించి, గుడ్డిగా ఒకటి కలిపేస్తారు. అప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైన, మహిళలకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే స్త్రీ శక్తి పథకం సున్నా టికెట్టు కూడా అయిదు రూపాయలవుతుంది.

కిక్కిరిసిన బస్సులో కండక్టరు రెండు రూపాయల చిల్లర ఎక్కడ వెతుకుతాడని అడగవచ్చు. న్యాయమే. అయితే ఆ వాదన అయిదుకు రౌండ్ చేయమంటుంది గానీ, పైకే చేయమనదు. ఫోనుతో చెల్లించేవారి విషయంలో ఆ వాదనే నిలవదు. నష్టాలు పూడాలంటారా, కిలోమీటరు రేటే పెంచి చెప్పాలి. అది అందరికీ కనబడుతుంది, అడిగేవాళ్లు అడుగుతారు. రౌండింగులో దాగిన పెంపు 11 రూపాయలవాడి మీదా నాలుగే, 111 రూపాయలవాడి మీదా నాలుగే. సీతంపేట నుంచి పాలకొండలో బస్సు మారి శ్రీకాకుళం వెళ్లేవాడికైతే రెండు దెబ్బలు. టికెట్లు 21, 31 అనుకుంటే విడివిడిగా 25, 35 కలిసి 60 అవుతాయి. మొత్తం 52ను ఒకేసారి రౌండ్ చేస్తే 55తో సరి. నేరుగా బస్సు లేని ఊరివాళ్లే ఎక్కువ కట్టాల్సి రావడం ఏ ఉత్తర్వులోనూ రాసి ఉండదు, లెక్క వేసిన వరసలో పుడుతుంది. పైకే రౌండ్ చేయమని ఆదేశముంటే చేయాల్సిందే, కానీ మొత్తం తేలాక, ఒక్కసారి.