ప్లే డే ఆరాధన

సింగరేణిలో ఆదివారాన్ని ప్లే డే అంటారు. ఆ రోజు మస్టర్ పడితే డబుల్ జీతం. అందుకే గోదావరిఖనిలో పాస్టర్లకు పోటీ సైతానుతో కన్నా బొగ్గు బాయితోనే ఎక్కువ.

నేను వెళ్లింది కంపెనీ క్వార్టర్ల వెనకున్న రేకుల షెడ్డుకు. ఆడవాళ్లు కొంగు తల మీద కప్పుకుని ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు చాపల మీద కూర్చున్నారు. ముందు వరసలో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు మాత్రం ఖాళీ. పాటలన్నీ అయ్యాక ఒక ఓవర్‌మ్యాన్, ఒక యూనియన్ నాయకుడు నింపాదిగా వచ్చి వాటిలో కూర్చున్నారు. అయ్యగారు ప్రసంగం ఆపి మరీ వందనాలు చెప్పారు. బంగారు ఉంగరం పెట్టుకొచ్చినవాణ్ని మంచి చోట కూర్చోబెట్టి, పేదవాణ్ని నిలబడమనడం తప్పని యాకోబు పత్రిక రెండో అధ్యాయంలోనే ఉంది. ఆ షెడ్డులో అందరి చేతుల్లోనూ బైబిలుంది.

లాభాల వాటా పడిన నెలలో కృతజ్ఞత కూడిక పెడతారట. 2024లో రెగ్యులర్ కార్మికుడికి సగటున లక్షా 90 వేలు వచ్చాయి. కాంట్రాక్టు కార్మికుడికి, అదీ మొట్టమొదటిసారి, 5 వేలు. దశమభాగం లెక్కన ఒకరి కవరులో 19 వేలు, ఇంకొకరి కవరులో 500. సాక్ష్యం చెప్పమని మైకు ఎవరి చేతికిస్తారో వేరే చెప్పాలా?

ఇక్కడ చాలామందికి రెండు పేర్లు. సర్వీసు రికార్డులో ఒకటి, బాప్తిస్మంలో ఒకటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులైన దళితులనే ఎస్సీలుగా గుర్తించింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. బాప్తిస్మం ఒప్పుకుంటే బీసీ-సి, ఒక్క శాతం రిజర్వేషన్. క్రైస్తవ విశ్వాసంలో ఉంటూ ఉద్యోగం కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని 2024 నవంబరులో పుదుచ్చేరి కేసులో సుప్రీంకోర్టు అంది. క్రైస్తవుల కపటం అనగానే బయటివాళ్లు వేలెత్తి చూపేదీ దీన్నే. నాకైతే ఆ రెండో పేరు మీద కోపం రాలేదు. మతం మారితే కులం పోతుందని చట్టం లెక్క. పోలేదని వాడలో అందరికీ తెలుసు. మరి చర్చిలోనైనా పోయిందా?

1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో క్లౌ దొర బాప్టిస్టు మిషన్ ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది. వాళ్లలో అత్యధికులు మాదిగలు. గుంటూరు లూథరన్ సంఘాల్లో మాలలు ఎక్కువ. నూట నలభై ఏళ్లు దాటినా ఆ గీత ఇక్కడా చెరగలేదు. మాల మాదిగల మధ్య పెళ్లిళ్ల గురించి సంఘ పెద్దను అడిగాను. "సంఘమంత ఒక్కటే శరీరం సార్. పెండ్లికాడికొస్తె మాత్రం ఎవలోళ్లు వాళ్లే" అన్నాడు. చెప్పడానికేమీ సిగ్గుపడలేదు. 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో ఎస్సీ వర్గీకరణ అమల్లోకొచ్చింది. మాదిగలున్న గ్రూపుకు 9 శాతం, మాలలున్న గ్రూపుకు 5. ఆ తర్వాత యువజనుల వాట్సాప్ గ్రూపూ రెండయిందట. ఆ రెండు వాటాల్లో దేన్నీ క్రైస్తవుడిగా అడగడానికి లేదు. కాగితం మీద హిందువులుగా, చర్చిలో మాల మాదిగలుగా చీలారన్నమాట. ఇది చూస్తే మాత్రం నాకు కోపమొచ్చింది.

బయట చెప్పులు వేసుకుంటూ ఒక కుర్రాడు మాట కలిపాడు. తండ్రి అన్‌ఫిట్ అయితే వారసత్వంగా వచ్చిన కొలువు. బాయి మీద మైసమ్మ గుడి ఉంటుంది కదా, దిగేముందు మొక్కుతావా అని అడిగాను.

"అందరు మొక్కుతరు సార్. నేను టోపీ సర్దుకున్నట్టు చెయ్యి పైకెత్తుత."

"అయ్యగారికి తెలుసా?"

"ఆయన గూడ ఒకప్పుడు కోల్ ఫిల్లరే గద. ఆయన నేర్పిందే."