కొనేటప్పుడే అమ్మకం లెక్క

మిర్యాలగూడలో ధర మాట రాగానే తేమ మాట కూడా వస్తుంది. వడ్ల కుప్పలోంచి గుప్పెడు గింజలు తీసి తేమ మీటర్లో పోస్తారు. 17 శాతం లోపుంటే కొనుగోలు కేంద్రంలో కాంటా పడుతుంది. దాటితే మళ్లీ ఆరబోసుకోవాల్సిందే. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక ఎడమ కాలువ కింద వరి పెరిగింది, వరి వెంట మిల్లులొచ్చాయి. కొన్న సరుకు రేపు ఎంతకు పోతుందో చూసుకోకుండా ఇక్కడి వ్యాపారి చెయ్యి వెయ్యడు.

పెళ్లిళ్లకు ఫొటోలు తీసేవాళ్లకూ ఆ లెక్క తప్పదు. ముహూర్తాల ముందు కొత్త కెమెరా కావాలి. చేతిలో ఉన్న పాతది అమ్మితే వచ్చే డబ్బే కొత్తదానికి మొదటి కిస్తీ. అది అనుకున్న ధరకు పోకపోతే అప్పు తప్పదు.

రెండు ఊళ్ల మధ్య

పాత కెమెరా అమ్మడానికి మిర్యాలగూడ మంచి చోటే. సికింద్రాబాద్-గుంటూరు రైలు మార్గం ఊరి మీదుగానే పోతుంది. సూర్యాపేటకో, కోదాడకో వెళ్తే హైదరాబాద్-విజయవాడ జాతీయ రహదారి దొరుకుతుంది. అటు హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ ఉంది, ఇటు విజయవాడ ఉంది.

పాత సరుకు బేరంలో మాటలు ఎక్కడైనా ఒక్కతీరే.

'అన్నా, ఎన్ని క్లిక్కులైనయ్?'

'ఎనభై వేలు తమ్మీ. బిల్లుంది, డబ్బా ఉంది.'

'లెన్సులో బూజు లేదు కద?'

ఈ నాలుగు మాటల్లోనే ధర తేలిపోతుంది. కెమెరా లోపలి షట్టర్‌కు ఆయుష్షు ఇంతని కంపెనీలు ఒక అంచనా చెబుతాయి. 2008లో వచ్చిన నికాన్ డి90కి లక్ష, కెనాన్ 5డి మార్క్ 2కి లక్షన్నర. పెళ్లికి 2,500 సార్లు నొక్కితే 60 పెళ్లిళ్లకు లక్షన్నర పూర్తవుతుంది. ఆ తర్వాతా పనిచేయొచ్చు గానీ, కొనేవాడు మాత్రం ధర కోసేస్తాడు.

ఒక్క దెబ్బకు

ఎంత జాగ్రత్తగా వాడినా ధర నిలవని రోజులూ ఉన్నాయి. 1982లో వచ్చిన నికాన్ ఎఫ్ఎం2 బ్యాటరీ లేకున్నా ఫొటో తీసేది, బ్యాటరీ కేవలం వెలుతురు కొలిచే మీటరుకే. ఇలాంటి ఫిల్మ్ కెమెరాలు స్టూడియోల్లో ఏళ్ల తరబడి పనిచేశాయి. 2003లో కెనాన్ 300డి వచ్చి డిజిటల్ ధరను కిందికి దించింది. 2006 జనవరిలో నికాన్ తన ఫిల్మ్ కెమెరాల్లో చాలావాటిని ఆపేస్తున్నట్లు ప్రకటించింది. రోల్‌కు 36 ఫొటోల కాలం ముగిసింది. బాగా పనిచేస్తున్న కెమెరాలకే బేరం లేకుండా పోయింది. విచిత్రం ఏమిటంటే, ఆ పాత ఎఫ్ఎం2లనే ఇప్పుడు ఫిల్మ్ మీద మోజున్న కుర్రాళ్లు వెతికి కొంటున్నారు. కానీ అంతకాలం ఆగితే స్టూడియో అద్దె ఎవరు కడతారు?

2018లో మరో మార్పు వచ్చింది. నికాన్, కెనాన్ రెండూ కొత్త మౌంట్‌తో పెద్ద సెన్సార్ మిర్రర్‌లెస్ కెమెరాలు తెచ్చాయి. పాత లెన్సులు వాటికి నేరుగా బిగవవు, మధ్యలో అడాప్టర్ కావాలి. అయినా సాధారణంగా బాడీ ధర పడినంత వేగంగా మంచి లెన్సు ధర పడదు. డబ్బు పరిమితంగా ఉన్నవాళ్లు లెన్సు మీద ఎక్కువ, బాడీ మీద తక్కువ పెట్టమనేది అందుకే.

పెళ్లికి ఎంత?

మరి కొనేటప్పుడు రీసేల్ చూడాలా? ఒక చిన్న లెక్క వేద్దాం. లక్ష పెట్టి కొన్న బాడీ మూడేళ్లకు 40 వేలకు పోయిందనుకుందాం. నష్టం 60 వేలు. ఆ మూడేళ్లలో 60 పెళ్లిళ్లు తీస్తే పెళ్లికి వెయ్యి రూపాయలు పడింది. ఇంకో కంపెనీది కొని 50 వేలకు అమ్మి ఉంటే పెళ్లికి మిగిలేది 170 రూపాయల లోపే. ఆ కాస్త కోసం చీకటి మండపంలో తడబడే కెమెరా కొంటే, తాళి కట్టే క్షణం మసకబారితే, తర్వాతి పెళ్లి ఇంకొకరి చేతికి పోతుంది.

అదే మూడేళ్లలో ఆరు పెళ్లిళ్లే తీసినవాడికి? పెళ్లికి పది వేలు పడింది. రీసేల్ ధరలో ఆ పది వేల తేడాయే అతనికి పెళ్లికి 1,600 రూపాయలు దాటుతుంది. అంటే, తక్కువగా వాడేవాళ్లకే రీసేల్ ఎక్కువ ముఖ్యం. కొత్తగా పనిలోకి దిగే కుర్రాడు పాత బాడీతో మొదలుపెడితే మేలనేది ఇందుకే. మొదటి దెబ్బ ఎవరో అప్పటికే తినేసి ఉంటారు.

వడ్లకు తేమ గండం ఉన్నట్టే లెన్సుకూ ఉంది. వానాకాలం సంచిలో మూసిపెడితే అద్దం మీద బూజు పడుతుంది, ధర సగం అక్కడే పోతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టుకోవాలి. మిల్లుల ఊళ్లో దుమ్మూ తక్కువ కాదు. రోడ్డు మీద లెన్సు మారిస్తే నలుసు నేరుగా సెన్సార్ మీద పడుతుంది.

ఈ లెక్కలో అందరికంటే నష్టపోయేది స్టూడియో వాళ్లు కాదు. తిరుపతి యాత్రకని కెమెరా కొని, వచ్చాక బీరువాలో పెట్టిన కుటుంబం. నొక్కినా నొక్కకపోయినా దాని ధర తగ్గుతూనే ఉంటుంది. వాడమనుకుంటే వెంటనే అమ్మేయడమే మంచిది. వాడతామంటే దూరం కూడా పోనక్కర్లేదు. కృష్ణలో మూసీ కలిసే వాడపల్లి దగ్గర్లోనే ఉంది. నాయనమ్మను వెంట తీసుకెళ్లి, సంగమం ఒడ్డున నిలబెట్టి నాలుగు ఫొటోలు తీస్తే చాలు. ఆ కెమెరా ఎంతకు పోయినా ఎవరూ బాధపడరు.