"వాడట్లేదు" అంటే నమ్మేశాను

నరసాపురంలో మా అమ్మ చుట్టుపక్కల ఆడవాళ్ళతో లేసు అల్లిస్తుంది. వాళ్ళ కూలీ లెక్కకి ఈమాక్స్ లిస్ప్‌లో నేనో చిన్న ప్రోగ్రామ్ రాశాను. ఈమధ్య రేటు పెరిగితే, 'లెట్'తో కొత్త రేటు పెట్టాను. "ఈ లెక్సికల్ వేరియబుల్ వాడట్లేదు" అని కంపైలర్ వార్నింగ్ ఇచ్చింది. సరే కదా అని ఆ లైన్ తీసేశా.

శనివారం ఆరుగురికీ పాత రేటే పడింది.

"పెంచామని చెప్పి పాత డబ్బులిస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోనురా?" అంది అమ్మ.

రాత్రి కూర్చుంటే సంగతి దొరికింది. రేటు వాడే ఫంక్షన్ వేరే ఫైల్లో ఉంది, 'డెఫ్‌వార్' కూడా అక్కడే. 2012లో ఈమాక్స్ 24తో లెక్సికల్ బైండింగ్ వచ్చింది. అది ఆన్‌లో ఉండి, కంపైలర్‌కి డెఫ్‌వార్ కనబడకపోతే, లెట్‌లో పెట్టిన విలువ ఆ లెట్ దాటి పోదు. అంటే లైన్ ఉంచినా లెక్క తప్పేదే! ఫైల్ మొదట్లో విలువ లేకుండా ఒక్క డెఫ్‌వార్ రాసి, తీసేసిన లైన్ మళ్ళీ పెట్టాను. వార్నింగ్ పోయింది, లెక్క కుదిరింది.

తక్కువ పడిన డబ్బులు ఆరిళ్ళూ తిరిగి నేనే ఇచ్చొచ్చాను. ఇప్పుడు "వాడట్లేదు" అని కనబడితే వెంటనే డిలీట్ కొట్టను. ఎవరు వాడాలో ముందు వెతుకుతాను.