లూ రేవు నుంచి నీలి సొరల దాకా

గాలంతో సొరచేపను పట్టడం బ్రిటన్‌లో ఒక ఆటగా కుదురుకున్న ఊరు లూ. ఇంగ్లండ్ నైరుతి కొసన, కార్న్‌వాల్ దక్షిణ తీరంలో, అదే పేరుగల ఏరు సముద్రంలో కలిసే చోట ఉందిది. ఏటికి ఈ ఒడ్డున తూర్పు లూ, ఆ ఒడ్డున పడమటి లూ. రెంటినీ కలుపుతూ 1853 నాటి ఏడు కమానుల రాతి వంతెన. లండన్ వైపు నుంచి వచ్చే పెద్ద రైలు లిస్కార్డ్‌లో దింపుతుంది. అక్కడ లూ బండి ఆగే ప్లాట్‌ఫాం ప్రధాన మార్గానికి అడ్డంగా, విడిగా ఉంటుంది. ఆ చిన్న బండి లోయలోకి దిగి, కూంబ్ జంక్షన్ దగ్గర ఆగుతుంది. డ్రైవరు దిగి రెండో కొసకు నడిచి వెళ్లాక, వెనక పెట్టె ముందై మళ్లీ కదులుతుంది. 14 కిలోమీటర్ల దారికి అరగంట పడుతుంది. చివర్లో పట్టాల పక్కనే ఏరు సాగుతుంది. నేను వెళ్లిన ఆగస్టు సాయంత్రం సముద్రం పాటు మీదుంది. ఏరంతా బురద తేలి, పడవలు పక్కలకు ఒరిగి పడి ఉన్నాయి. లూలో ఏ పడవ ఎప్పుడు కదలాలో నిర్ణయించేది ఆటుపోట్లే.

సొరల వేట రాకముందు ఈ ఊరికి అన్నం పెట్టింది పిల్చర్డ్, మ్యాకరెల్ చేపలు. పిల్చర్డ్ మన కవళ్లకు దగ్గరి చుట్టం. మ్యాకరెల్ మన కానాగంతల కుటుంబానిది. వేసవిలో వలలు వదిలే జాలర్లకు నీలి సొరలు పెద్ద బెడద. వలలో చిక్కిన చేపను తినడమే కాకుండా వలనూ చింపి పోయేవి. వదిలించుకోవలసిన ఆ జీవే తర్వాత ఊరికి కొత్త ఆదాయ మార్గమైంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, చేపల రాబడి తగ్గిన పడవలు గాలపు వేటగాళ్లను అద్దెకు ఎక్కించుకోవడం మొదలుపెట్టాయి. 1953లో బ్రిగేడియర్ కాంటర్ చొరవతో లూలో షార్క్ యాంగ్లింగ్ క్లబ్ ఆఫ్ గ్రేట్ బ్రిటన్ ఏర్పడింది. యుద్ధ చరిత్ర చదివినవారికి ఆయన పేరు మరోచోట తగులుతుంది: ఉత్తర ఆఫ్రికా ఎడారిలో బ్రిటిష్ ట్యాంకులకు వేసిన ఏటవాలు చారల రంగుల పద్ధతిని ఆయన పేరుతోనే పిలుస్తారు. క్లబ్బులో సభ్యత్వం డబ్బు కట్టినంత మాత్రాన దొరికేది కాదు. కనీసం 75 పౌండ్ల సొరను నియమాల ప్రకారం సొంతంగా పట్టినవారికే అర్హత.

ఆ 75 పౌండ్లు నిరూపించాలంటే చేప ఒడ్డుకు రావాలి, తక్కెడకు వేలాడాలి. 1950లు, 60లలో ఏటా వేల సంఖ్యలో నీలి సొరలు లూ రేవుకు చేరాయి. తోకకు తాడు కట్టి తలకిందులుగా వేలాడదీసిన సొర, పక్కన గాలపు కర్రతో నిలబడ్డ విహారి: ఆ కాలపు ఫొటోలన్నీ దాదాపు ఒకటే. అవి రంగుల్లో తీసినవైనా అసలు నీలం వాటిలో కనిపించేది కాదు. ప్రాణంతో ఉన్నప్పుడు ఈ చేప వీపు ముదురు ఇంద్రనీలం, పక్కలు మెరిసే లేత నీలం, పొట్ట తెలుపు. చచ్చిన కొద్దిసేపటికే ఆ నీలమంతా పోయి బూడిద రంగు మిగులుతుంది. తూకం అయ్యాక ఆ కళేబరాలను తిన్నవాళ్లు కూడా తక్కువే. సొర ఒంట్లో యూరియా ఎక్కువ. చేప చచ్చాక అది అమ్మోనియాగా మారి ఘాటు వాసన వేస్తుంది. కోస్తాంధ్ర వంటింట్లో సొరను ఉడకబెట్టి, పొడిగా విడిచి, అల్లం వెల్లుల్లితో పిట్టు చేస్తారు. పాలసొరను బాలింతకు ప్రత్యేకంగా వండిపెడతారు. కార్న్‌వాల్‌లో అలాంటి వాడుకేదీ లేదు. కాబట్టి ఆ వేల చేపల చావుకు ప్రయోజనం ఒక ఫొటో, ఒక అంకె. తక్కెడ చుట్టూ తిరిగిన ఆ రోజుల్ని వేడుకగా చెప్పే పుస్తకాలున్నాయి కానీ, ఈ లెక్క చూశాక ఆ వేడుకలో పాలుపంచుకోవడం కష్టం.

1990ల నుంచి ఆట స్వరూపం మారింది. ఇప్పుడు సొరను పట్టి, పడవ పక్కనే కొలిచి, వదిలేయడమే పద్ధతి. కాలం జూన్ నుంచి అక్టోబరు దాకా. పడవలు ఉదయం పోటు చూసుకుని తూర్పు లూ కట్ట నుంచి బయల్దేరి, బాంజో వాద్యంలా కొసన గుండ్రంగా ఉన్న రేవు గోడ దాటుతాయి. కుడివైపు లూ ద్వీపం. ఇద్దరు అక్కచెల్లెళ్లు 1960లలో కొనుక్కుని జీవితమంతా కాపాడిన ఆ చిన్న దీవి ఇప్పుడు కార్న్‌వాల్ వన్యప్రాణి ట్రస్టు చేతిలో ఉంది. ఆగ్నేయాన, మంచు లేని రోజైతే, ఎడ్డీస్టోన్ దీపస్తంభం సన్నటి గీతలా కనిపిస్తుంది. సముద్రం మధ్య రాళ్ల మీద నిలిచిన ఈ స్తంభం 1882 నాటిది. ఆ రాళ్ల దగ్గరే 1971లో జాయిస్ యాలప్ అనే మహిళ 500 పౌండ్ల మాకో సొరను పట్టారు. బ్రిటిష్ మాకో రికార్డు అది. వలస వచ్చే మాకోలు ఆ తర్వాత ఈ నీళ్లలో చాలా అరుదైపోయాయి.

దారిలో మొదటి పని ఎర సంపాదించడం. తీరానికి దగ్గర్లో పడవ ఆపి, రంగు ఈకలు కట్టిన చిన్న గాలాల వరుసను దించి పైకీ కిందికీ ఆడిస్తే మ్యాకరెల్ నాలుగైదు ఒక్కసారే పడతాయి. తర్వాత గంటన్నర, రెండు గంటల ప్రయాణం. తీరం కనుమరుగయ్యేంత దూరాన, లోతు తగిన చోట సరంగు ఇంజను ఆపేస్తాడు. లంగరు వేయరు. గాలీ ప్రవాహమూ ఎటు తోస్తే పడవ అటే అడ్డంగా జరుగుతుంది. అలజడి ఉన్న రోజు ఇంజను ఆగిన మరుక్షణమే కడుపులో తిప్పడం మొదలవుతుంది. నాతో కలిపి పడవెక్కిన ఆరుగురిలో ఇద్దరు మధ్యాహ్నం దాకా తల ఎత్తలేదు.

కడుపు తిప్పడానికి అలలతోపాటు మరో కారణం రబ్బీ డబ్బీ. వేట మొత్తానికి ఆధారం ఇదే. మ్యాకరెల్, పిల్చర్డ్ తలలూ పేగులూ మెత్తగా దంచి, తవుడూ చేపనూనే కలిపి, ఉల్లిపాయల వల సంచుల్లో నింపి పడవ పక్కన వేలాడదీస్తారు. పడవ ఊగినప్పుడల్లా సంచి నీళ్లలో మునిగి తేలుతూ కొద్దికొద్దిగా రసం వదులుతుంది. నూనె పైన పలచటి పొరలా పరుచుకుంటుంది. ముక్కలు కిందికి దిగుతూ పోతాయి. పడవ జరిగేకొద్దీ వెనక కిలోమీటర్ల పొడవున వాసన దారి ఏర్పడుతుంది. దాన్ని ఎక్కడో దాటిన సొర ఆ దారి పట్టుకుని ఎదురెక్కుతుంది. సంచి ఆగితే దారి తెగుతుంది. అందుకే దాన్ని గంటగంటకూ నింపడం సరంగు మరొకరికి వదలని పని. సొర దగ్గరకు వచ్చాక ముక్కుతోపాటు మూతి మీది సన్నటి రంధ్రాలు కూడా పనిచేస్తాయి. జిగురుతో నిండిన ఆ గుంటలు ఇతర ప్రాణుల కండరాల నుంచి వెలువడే అతి స్వల్ప విద్యుత్తును పసిగడతాయి.

గాలాలు ఒక్కొక్కటి ఒక్కో లోతున. దూరంగా ఉన్న బెండు కింద ఎర ఎక్కువ లోతున, పడవకు దగ్గరి బెండు కింద తక్కువ లోతున ఉండేలా అమరుస్తారు. ఆంగ్లేయ నావికుల ఫాదమ్ మన జాలర్ల బారకు దాదాపు సమానం. చాచిన రెండు చేతుల పొడవే రెంటికీ మూలం. కాబట్టి పది బారలు, పదిహేను బారలు అనుకుంటే లెక్క తేలిగ్గా అందుతుంది. బెండుగా చాలామంది గాలి ఊదిన బెలూన్ కడతారు. పళ్లకు తెగకుండా గాలానికి ఆనుకుని ఉక్కు తీగ, ఆపైన దళసరి నైలాన్ దారం. ఈ రెండో జాగ్రత్త సొర చర్మం కోసం. దానిమీద పళ్లలాంటి సూక్ష్మమైన పొలుసులు వెనక్కి వాలి ఉంటాయి. తల నుంచి తోకవైపు నిమిరితే నున్నగా, ఎదురు నిమిరితే గరుకు కాగితంలా తగులుతుంది. గాలం పడ్డ నీలి సొర గిరగిరా దొర్లి తీగను ఒంటికి చుట్టుకుంటుంది. సన్న దారం ఆ చర్మానికి రాసుకుంటే నిమిషాల్లో తెగిపోతుంది.

నీలి సొర చలి నీళ్లను వెతుక్కునే చేప. విశాఖ తీరంలో ఏడాదిలో చాలాకాలం నీరు 26 డిగ్రీలకు పైనే. లూ దగ్గర నడివేసవిలో కూడా 16, 17 డిగ్రీలు దాటడం అరుదు. వెచ్చని సముద్రాల్లో ఈ సొర లోతుకు దిగిపోయి చల్లదనంలో తిరుగుతుంది. ఇక్కడ పైనే తిరగగలదు, అందుకే గాలానికి అందుతుంది. దాని శరీరం చుట్టూ ఉన్న నీళ్ల ఉష్ణోగ్రతకు లోబడేదే. ఇదే సముద్రంలోని పోర్‌బీగల్ సొర పద్ధతి వేరు. ఎడతెగక ఈదే దాని కండరాల్లో పుట్టే వేడి, పక్కపక్కనే అల్లుకున్న రక్తనాళాల వల్ల మొప్పల దాకా పోయి నీళ్ల పాలు కాకుండా లోపలే తిరుగుతుంది. చుట్టూ ఉన్న నీటికంటే దాని ఒళ్లు కొన్ని డిగ్రీలు వెచ్చగా ఉంటుంది. అందుకే స్కాట్లండ్ ఉత్తరపు కొసన కూడా అది చురుగ్గా వేటాడగలదు. గాలంతో పట్టిన బ్రిటిష్ పోర్‌బీగల్ రికార్డు కార్న్‌వాల్‌ది కాదు: 1993లో ఆ స్కాట్లండ్ కొసనే ఉన్న డన్నెట్ హెడ్ దగ్గర దొరికిన 507 పౌండ్ల చేపది.

మా పడవలో మొదటి బెలూన్ కదిలింది ఒంటిగంట దాటాక. నీలి సొర ఎర అందుకున్నప్పుడు పెద్ద హడావుడి ఉండదు. బెలూన్ పక్కకు జరిగి, ఆగి, నీళ్ల మీద నడకలాంటి వేగంతో సాగుతుంది. రీలు కిరకిరమంటుంది. పూర్వం కొంతసేపు ఆగనిచ్చి గట్టిగా లాగేవారు. ఈలోగా ఎర మింగబడి గాలం పొట్టలో దిగేది, వదిలినా ఆ చేప బతికే ఆశ తక్కువ. ఇప్పటి గాలం కొస లోపలికి వంగి గుండ్రంగా ఉంటుంది. దీనికి కుదుపు అక్కర్లేదు. దారం బిగుసుకుంటే చాలు, గొంతు నుంచి జారి వచ్చి నోటి మూలన పట్టుకుంటుంది. ఎదురుముల్లును నొక్కేస్తారు లేదా అసలు లేని గాలమే వాడతారు. ఆట మొత్తంలో వచ్చిన మార్పుల్లో చేప ప్రాణానికి ఎక్కువ మేలు చేసింది ఈ వంపే.

ఇరవై నిమిషాలకు చేప పడవ పక్కకు వచ్చింది. నీళ్లలో ఆ నీలాన్ని చూసినవారికి రేవులో వేలాడిన బూడిద రంగు కళేబరాలు గుర్తురాక మానవు. అది ఆడది. ఈ తీరానికి వచ్చే నీలి సొరల్లో అత్యధికం ఆడవే. మెడ దగ్గర, పక్కల మీద మానిన గాట్లు ఉన్నాయి. జత కట్టేటప్పుడు మగది పళ్లతో పట్టుకుంటుంది. ఆ కాట్లను తట్టుకునేలా ఆడదాని చర్మం మగదాని చర్మంకంటే రెండు మూడు రెట్లు మందం. ఈ జాతి గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. ఒక్క కాన్పులో ముప్పై దాకా సాధారణం, వందకు పైగా కూడా నమోదయ్యాయి.

మంచి సరంగు దాన్ని పడవలోకి ఎత్తనివ్వడు. సొరకు ఎముకలు లేవు, మృదులాస్థే. పేగులకూ కాలేయానికీ అడ్డుగా పక్కటెముకల గూడు లేదు. లోపలి అవయవాల బరువును నీరే మోస్తుంది. పైకెత్తినా, తోక పట్టి వేలాడదీసినా ఆ బరువంతా లోపల కిందికి జారి గాయమవుతుంది. పైకి ఏమీ కనిపించకపోయినా తర్వాత చచ్చిపోవచ్చు. అందుకే గుర్తులు వేసిన తాడుతో నీళ్లలోనే పొడవు కొలిచి, దాన్నిబట్టి బరువు అంచనా వేస్తారు. పొడవాటి పిడి ఉన్న కొక్కెంతో గాలం తిప్పి తీసేస్తారు. ఒకవేళ రాకపోతే నోటికి దగ్గరగా తీగ కత్తిరిస్తారు. మాది రెండు మీటర్లకు కాస్త ఎక్కువ. గాలం వదిలిన క్షణం ఒక్క తోక ఊపు. నీలం నీలంలో కలిసిపోయింది.

కొన్ని చేపలకు వదిలేముందు వీపు రెక్క మొదట్లో అంకె ఉన్న చిన్న పట్టీ గుచ్చుతారు. గాలపు వేటగాళ్ల చేత ఈ పని చేయించడం అమెరికాలో 1962లో, ఐర్లండ్‌లో 1970లో మొదలైంది. ఆ పట్టీలతో మళ్లీ దొరికిన చేపలవల్లే, నీలి సొరకు తీరం అనే ఎల్లలు లేవని రుజువైంది. ఐరోపా పక్కన గుర్తువేసినవి అమెరికా పక్కన, అక్కడివి ఇక్కడ దొరికాయి. ఉత్తర అట్లాంటిక్ ప్రవాహాల చక్రం వెంట అవి సముద్రమంతా తిరుగుతాయి. కాబట్టి లూ వాళ్లు వదిలేసినంత మాత్రాన చాలదు. బయటి సముద్రంలో ట్యూనా కోసం మైళ్ల పొడవున వదిలే గాలాల తాళ్లకు పడేవి, రెక్కల వ్యాపారానికి పోయేవి వేరే లెక్క.

చట్టం మెల్లగా వెనక వచ్చింది. 1998లో బ్రిటన్ బాస్కింగ్ సొరకు రక్షణ ఇచ్చింది. 2008లో ఇంగ్లండ్‌లో టోప్ అనే చిన్న సొరపై ఆంక్షలు వచ్చాయి. పడవ నుంచి గాలంతో పట్టినా ఒడ్డుకు తేకూడదు. పోర్‌బీగల్‌కు 2010లో యూరోపియన్ యూనియన్ కోటా సున్నా చేసింది. దాని అంతర్జాతీయ వ్యాపారంపై నియంత్రణకు 2013లో దేశాలు ఒప్పుకున్నాయి. నీలి సొర కుటుంబమంతా ఆ నియంత్రణ కిందికి వచ్చింది 2022లోనే. సొర రెక్కల ఎగుమతిని భారతదేశం 2015లో నిషేధించింది. విడిగా కోసిన రెక్కల రాకపోకలను ఆపుతూ బ్రిటన్ 2023లో చట్టం చేసింది.

ఆ రోజు మా పడవ మూడు సొరల్ని పట్టి, మూడింటినీ వదిలింది. సాయంత్రం పోటుకు రేవులోకి తిరిగివచ్చాక సరంగు కాగితం మీద తేదీ, చోటు, పొడవులు, ఆడో మగో రాసుకున్నాడు. ఆరుగురం కట్టమీద దిగాం. చేతుల్లో ఉన్నవి రాత్రి వేపుడుకు మిగిలిన మ్యాకరెల్ చేపలే.