గడ్డికి అద్దె

మా ఊరు చూడవచ్చిన మనవాళ్ళు ముందుగా అడిగేది ఒకటే: "ఇంత భూమి బీడు పెట్టుకున్నారేమిటండీ?" పశ్చిమ కాన్సాస్‌లో గోధుమ చేల మధ్య నడుములోతు గడ్డి మైళ్ళకొద్దీ కనిపిస్తుంది. మామూలు రోజుల్లో పశువులు మేయవు, ఎవరూ కోయరు. వీసా నిబంధన కింద, డాక్టర్లు లేని ఈ చోట మూడేళ్ళు పనిచేయడానికి వచ్చిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. తరువాత తెలిసింది, ఆ గడ్డికి ప్రభుత్వం అద్దె కడుతుందని.

కథ పాతదే. 1930లలో వానలు లేక, ఎడాపెడా దున్నిన నేల గాలికి లేచిపోయింది. 1935 ఏప్రిల్ 14న వచ్చిన దుమ్ము తుఫానుకు పట్టపగలే చీకటి కమ్మింది. ఆ ఏడే నేల సంరక్షణకు ప్రత్యేక శాఖ పెట్టారు. 1970లలో ధాన్యం ధరలు పెరిగేసరికి మళ్ళీ గట్టు కూడా వదలకుండా దున్నారు. మళ్ళీ నేల కోసుకుపోయింది. అప్పుడు 1985 వ్యవసాయ చట్టంలో కన్సర్వేషన్ రిజర్వ్ ప్రోగ్రామ్ వచ్చింది. అలాంటి పొలాన్ని పది, పదిహేనేళ్ళు దున్నకుండా గడ్డి పెంచితే ఎకరాకి ఇంతని ఏటా అద్దె ఇస్తారు. గడ్డి వేసే ఖర్చులో సగం దాకా సాయం. 2007 నాటికి 3 కోట్ల 60 లక్షల ఎకరాలకు పైగా ఇందులో చేరాయి.

నేల నిలిచింది, పిట్టలు తిరిగొచ్చాయి. బాగానే ఉంది కదా అనుకున్నాను.

2022లో ఒక పేషెంట్ వచ్చాడు. అరవై దాటినవాడు, బ్లడ్ ప్రెషర్ ఎంతకీ దిగదు. చాలా ఏళ్ళు కౌలుకి గోధుమ పండించాడట. భూమిగలాయన డెన్వర్‌లో ఉంటాడు. కౌలు గడువు తీరగానే పొలాన్ని ఈ పథకంలో పెట్టేశాడు. "దున్ననందుకు ఆయనకి డబ్బిస్తారు. ఇప్పుడు నేనూ దున్నడం లేదు, మరి నాకు?" అని నవ్వాడు.

మాట మార్చడానికి మన గొప్ప చెప్పాను. మా తెలంగాణలో 2018 నుంచి రైతుబంధు అని, పంటకి ఎకరాకి 4,000 రూపాయలిచ్చి, తరువాత 5,000 చేశారని. ఆయన అడిగాడు: "భూమి ఉన్నవాడికా, దున్నేవాడికా?"

నేను స్టెతస్కోపు చెవులకి పెట్టుకున్నాను.

కరీంనగర్ వైపు మాకు అయిదెకరాలుంది. బాపు టీచరుగా రిటైరై హైదరాబాదులో ఉంటున్నాడు. పన్నెండేళ్ళుగా ఒకతను కౌలుకి చేస్తున్నాడు. పాసుబుక్కు బాపు పేర ఉంది కనుక పంటకి 25,000 బాపు ఖాతాలోనే పడేవి. ఆ రాత్రి ఫోన్ చేసి అడిగాను.

"గవర్నమెంటు ఇస్తున్నది, నేనడిగిన్నా? అతని పేరు కాయితం మీద రాస్తే రేపు భూమి నాదే అంటడు కొడుకా."

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 1950 నాటి కౌలుదారీ చట్టం ముచ్చట్లు వింటూ పెరిగిన తరం వాళ్ళది. పోనీ, ఆ సొమ్ము ఏం చేశావని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. "మన పాప పుట్టినరోజుకు గొలుసు చేయించిన గద" అన్నాడు.

గొలుసు మా పాప మెడలోనే ఉంది. మా ఆవిడ తీసి బీరువాలో పెడదామంది. పెట్టి ఏం లాభమన్నాను.

మరుసటి సంక్రాంతికి వెళ్తే అతను కొత్త బియ్యం పట్టుకొచ్చి, "పాప మంచిగున్నదా సారూ?" అని అడిగాడు. అతను వెళ్ళాక బాపుతో మళ్ళీ మాట్లాడాను. చాలాసేపు వాదించుకున్నాం. చివరికి కౌలులో ఎకరాకి రెండు బస్తాలు తగ్గించాడు. అతనికి రావలసిన దాంట్లో అది కొంతే. కాగితం మాత్రం ఇప్పటికీ రాయలేదు.

మనలో చాలామందికి అక్కడ ఎకరమో రెండెకరాలో ఉంటుంది. పాసుబుక్కు ఎవరి పేర ఉందో మనకి బాగా తెలుసు. దున్నుతున్నది ఎవరో, అతని చేతికి ఏం అందుతోందో కూడా ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు అడగండి.