కాకి అలక

అరిటాకులో పెట్టిన పిండాన్ని కాకి ముట్టకపోతే ఇంటిల్లిపాదీ బిక్కచచ్చిపోతారు. 2023లో వచ్చిన వేణు యెల్దండి సినిమా ‘బలగం’ ఆ కాకి అలక మీదే నడుస్తుంది. తాత కొమురయ్య పోయాడు. మనవడికేమో పెళ్లి చెడిపోతుందన్న బెంగ. బావా బావమరుదులు నల్లి బొక్క (మూలుగ ఎముక) దగ్గర చెడి ఏళ్లుగా మాట్లాడుకోరు. తెలంగాణ కథే. మా రాజోలు వైపైతే చేపల పులుసులో తలకాయ కోసం చెడతారు, అంతే తేడా!

అంతర్వేదిలో, వశిష్ఠ గోదారి సముద్రంలో కలిసేచోట పిండాలు కలిపే కొడుకుల్ని చూస్తే ఆ సినిమానే తలపుకొస్తుంది. బతికుండగా ‘ఏం తిన్నావు నాన్నా’ అని అడగని వాళ్లు, గారెలూ, ఆఖరికి చుట్ట కూడా పెట్టి కాకిని బతిమాలతారు. నవ్వొస్తుంది. వెంటనే నా వయసూ గుర్తొస్తుంది. నాకేం ఇష్టమో పిల్లలకి ఇప్పుడే చెప్పెయ్యాలి: ఆత్రేయపురం పూతరేకులు. అవీ బెల్లంవి.